మధ్యలో ఆగిన పిడి

కరోనాకు మూడేళ్ళ ముందు నవంబరులో, కువైట్‌లో జహ్రా దాటాక ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో నన్ను టెక్నికల్ సూపర్‌వైజరుగా వేశారు. హోదా పేరు పెద్దదే. నా కింద ఉన్నవి రెండు: ఒకటి మస్తాన్, రెండోది ఏసీ మిషన్. ఏసీ మాట వినేది కాదు.

అంతకుముందు ఇరవై నాలుగేళ్ళు మన దేశంలో ఒక ఆయుధ కర్మాగారంలో, తూటాల విభాగంలో పనిచేశాను. బీయస్సీ చదివి ఛార్జ్‌మన్‌గా చేరాను. కార్మికులకు అధికారిలాగా, అధికారులకు కార్మికుడిలాగా కనబడే ఉద్యోగం అది. జూనియర్ వర్క్స్ మేనేజర్ దాకా వచ్చి, స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇటు వచ్చాను. మా కడప జిల్లా నుంచి కువైట్ వచ్చినవాళ్ళలో సూటుకేసులో మైక్రోమీటరు తెచ్చుకున్నది బహుశా నేనొక్కడినే. విమానాశ్రయంలో దాన్ని చాలాసేపు తిప్పి చూశారు.

క్లబ్బులో మా పని, ఒకసారి పేల్చిన తూటాలను మళ్ళీ నింపడం. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర సీసపు గుండు. పేల్చాక మిగతా మూడూ పోయి కేసు మిగులుతుంది. ఆ కేసును మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ బిగించి, మందు పోసి, గుండు కూర్చోబెడితే మళ్ళీ తూటా. సభ్యులు సాధన చేసే పాయింట్ త్రీ ఎయిట్ రివాల్వర్ తూటాలు బయటినుంచి తెప్పిస్తే నెలలు పట్టేది. అందుకని అనుమతి తీసుకుని ఒక గదిలో ఈ పని పెట్టారు. గదికి రెండు తాళాలు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళారో తాళాల రిజిస్టరులో సంతకం చెయ్యాలి.

మస్తాన్‌ది రాయచోటి. ఐటీఐలో ఫిట్టరు చదివి, కువైట్‌లో ఆరేళ్ళు నీళ్ళ ట్యాంకరు నడిపాడు. చెయ్యి మంచిది. ఇత్తడి కేసును రెండు వేళ్ళ మధ్య తిప్పి, కంటికి కనబడని చీలికను గోటితో పట్టేవాడు. అతని భార్య హసీనా జహ్రాలోనే ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. శుక్రవారం ఒక గంట వదిలేవాళ్ళు. ఆ గంటను ఇద్దరూ జమియా, అంటే సహకార దుకాణం, బయట బెంచీ మీద, చెరో పెరుగు డబ్బాతో గడిపేవాళ్ళు. ఒకే ఊళ్ళో ఉండి వారానికి గంట చూసుకునే కాపురం కూడా కాపురమే, రాయచోటి నుంచి ఫోనులో చూసుకునేవాళ్ళతో పోలిస్తే మేమే నయం సార్ అనేవాడు.

మొదటి ఏడాది మా దగ్గర ఉన్నది సింగిల్ స్టేజ్ ప్రెస్. ప్రెస్ అంటే పిడి ఉన్న బరువైన ఇనుప చట్రం. సింగిల్ స్టేజ్ అంటే ఒకసారి పిడి లాగితే ఒక కేసు మీద ఒకే పని జరుగుతుంది. యాభై కేసులకూ ముందు కొలత సరిచేస్తాం. తర్వాత యాభైకీ ప్రైమర్. తర్వాత యాభైకీ మందు పోసి, చెక్క దిమ్మెలో వరసగా నిలబెట్టి, పైనుంచి టార్చి వేసి అన్నింటిలోకీ తొంగి చూస్తాం. ఒకదానిలో మట్టం ఎక్కువున్నా, అసలు లేకపోయినా అక్కడే తెలిసిపోతుంది. అప్పుడే గుండ్లు కూర్చోబెడతాం.

సభ్యులు పెరిగారు. క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, మిర్కాబ్‌లోని ఆఫీసుకు నన్ను పిలిచి, ప్రోగ్రెసివ్ ప్రెస్ కొందామా, ఉన్నదానితోనే నడిపిద్దామా అని తులనాత్మక నివేదిక అడిగారు. ఆయన సైన్యంలో చేసి రిటైరైన కువైటీ, పద్ధతైన మనిషి. రెండు పేజీలు రాశాను. అందులో ఇంగ్లీషులో రాసినదాన్ని ఇక్కడ మన భాషలో చెబుతాను, మన భాషలోనే బాగా అర్థమవుతుంది.

సింగిల్ స్టేజ్ అంటే పెళ్ళిలో బంతి భోజనం. ఆకులన్నీ పరిచి, పప్పు వడ్డించేవాడు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోతాడు. వాడి వెనకే పెద్దమనిషి ఒకాయన వరస చూసుకుంటూ వస్తాడు, ఏ ఆకులో పప్పు పడలేదో, ఏ ఆకులో రెండుసార్లు పడిందో ఆయనకు కనబడుతుంది. ప్రోగ్రెసివ్ అంటే బఫే. గుండ్రటి ప్లేటు మీద నాలుగైదు కేసులు నిలబడి ఉంటాయి. పిడి ఒకసారి కిందికి లాగితే ఒక కేసుకు కొలత, పక్కదానికి మందు, ఆ పక్కదానికి గుండు, అన్నీ ఒకేసారి. పిడి పూర్తిగా పైకి వెళితే ప్లేటు ఒక గడి తిరిగి, ప్రతి కేసూ తర్వాతి పనికి జరుగుతుంది. ఒక్కో లాగుకు ఒక్కో తయారైన తూటా రాలుతుంది. మొదటి దానిమీద గంటకు యాభై అరవై చేసేచోట దీనిమీద నాలుగైదు వందలు చెయ్యవచ్చు. కాకపోతే వెనక వచ్చే పెద్దమనిషి ఉండడు.

ఆ మందు పోసే చోటే అసలు భయం. మేము వాడే తూటాలో మందు చాలా తక్కువ, కేసు పెద్దది. రెండుసార్లు పడినా పొంగి బయటికి రాదు. పైన గుండు కూర్చుంటే అది మామూలు తూటాలాగే ఉంటుంది. అందుకని, పోటీ తూటాలకు సింగిల్ స్టేజే ఉంచాలని, ప్రోగ్రెసివ్ కొంటే ఒకడు లాగుతుంటే ఇంకొకడు ప్రతి కేసులోకీ చూడాలని, మందు మట్టం చూసి చప్పుడు చేసే పరికరం కూడా కొనాలని రాశాను. ముదీర్ చదివి, చాలా బాగుందన్నారు. ప్రోగ్రెసివ్ వచ్చింది. రెండో మనిషి, చప్పుడు చేసే పరికరం తర్వాతి బడ్జెట్టులో అన్నారు. నాకు పెద్దగా బాధ కలగలేదు. నా అభ్యంతరం ఫైల్లో ఉంది. ఫైల్లో అభ్యంతరం ఉన్న ఉద్యోగికి నిద్ర బాగా పడుతుంది.

ఇక్కడ పిడి సంగతి చెప్పాలి. కర్మాగారంలో నాకు నేర్పిన మొదటి నియమం, నేను మస్తాన్‌కు నేర్పిన మొదటి నియమం ఒకటే: పని ఆపితే పిడి కిందికి దించి పెట్టాలి. పైకి లేచి ఉన్న పిడి వచ్చేపోయేవాడి మోచేతికి తగులుతుంది. సింగిల్ స్టేజ్‌లో దానివల్ల ఏ నష్టమూ లేదు. ప్రోగ్రెసివ్‌లో లెక్క వేరు. పిడి పైకి వస్తూ మధ్యలో ఆగిందంటే ప్లేటు ఇంకా తిరగలేదని అర్థం. అప్పుడు దాన్ని మళ్ళీ కిందికి నొక్కితే, మా యంత్రంలో, అదే కేసులో రెండోసారి మందు పడేది. ఈ సంగతి మొదటి వారంలోనే మస్తాన్ కనిపెట్టాడు. నాకు చూపించి, తనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు.

"పని మధ్యలో లేచిపోవాల్సొస్తే పిడి మధ్యలోనే వదిలేస్తా సార్. మధ్యలో ఉండాదంటే తొంగిచూడమని గుర్తు. కిందుండాదంటే మందు ఒకతూరే పడినట్లు, పైకెత్తి పని సాగించడమే."

మంచి పద్ధతి అన్నాను. రాసి గోడకు అంటించమనలేదు. ఉన్నది మేమిద్దరమే కదా.

యంత్రం వచ్చిన మూడో నెలలో ఒక సోమవారం, క్లబ్బు కోచ్ హానీ కొత్త బ్యాచ్ తూటాలను పరీక్షిస్తున్నారు. ఈజిప్టు మనిషి. ప్రతి బ్యాచ్ నుంచి ఒక పెట్టె ముందు ఆయన కాల్చి చూసి, సరే అంటేనే సభ్యులకు ఇచ్చేవాళ్ళం. నేను రెండు గదుల అవతల ఉన్నాను. కాల్పుల చప్పుడు వినీవినీ చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, కానీ తేడా చప్పుడు వెంటనే తెలుస్తుంది. నేను వెళ్ళేసరికి రివాల్వర్ పైభాగం లేదు. తూటాలు తిరిగే చక్రంలో సగం లేదు. పోటీ షూటర్లు పెట్టుకునే కళ్ళద్దాల చట్రానికి గురిచూసే కంటి ముందు మాత్రమే అద్దం ఉంటుంది, రెండో కంటికి పలచటి ప్లాస్టిక్ అట్ట అడ్డం. హానీకి అద్దం ఉన్న కన్ను దక్కింది. అట్ట వెనక ఉన్నది పోయింది. కుడిచేతి బొటనవేలు సగం పోయింది. గురిచూసే కన్ను మిగిలింది కాబట్టి షూటింగ్ కొనసాగించడానికి అభ్యంతరం లేదని ఆసుపత్రి కాగితంలో ఎవరో రాశారు. ఆయన మళ్ళీ తుపాకీ పట్టుకోలేదు.

మిగతా పెట్టెలన్నీ సీలు చేశారు. ప్రతి పెట్టెలో ఒక చీటీ ఉంటుంది: తేదీ, చేసినవాడి పొడి సంతకం, తనిఖీ చేసినవాడి పొడి సంతకం. పది తూటాల్లో ఒకటి తూచి చూశాకే నేను సంతకం పెట్టేవాడిని. చెడ్డది మిగతా తొమ్మిదిలో ఉంది. చేసినవాడి గడిలో మస్తాన్ సంతకం. మధ్యాహ్నానికి అతన్ని పోలీసులు తీసుకెళ్ళారు.

వెళ్ళేముందు అతను నాతో చెప్పింది ఇంతే. బ్యాచ్ చేసిన రోజు జొహర్, అంటే మధ్యాహ్నపు నమాజు వేళకు ప్లేటు ఇరుక్కుంది. పిడి పైకి రాలేదు. అజాన్ అయింది, వచ్చి చూసుకుందామని లేచాడు.

"మధ్యలోనే పెట్టి పోయినా సార్. వచ్చేతలికి కిందుండాది. నేనే దించినానేమో, మతిలో ల్యాదేమో అనుకున్యా. ఎత్తితే సులువుగా పోయింది. ఇరుకు కూడా ల్యా. అల్లా దయ అనుకున్యా."

విచారణాధికారి నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, ఆ రోజు ఆ యంత్రాన్ని ఇంకెవరైనా తాకారా అని అడిగాడు. లేదన్నాను. అది అబద్ధం కాదు. గుర్తులేకపోవడం అబద్ధం కిందికి రాదని అప్పట్లో నా అభిప్రాయం. తాళాల రిజిస్టరులో ఆ వేళకు నా సంతకం కూడా ఉంది. ఆయన దాన్ని చూశాడు, సూపర్‌వైజరు రాకపోకలు మామూలే కదా అని పేజీ తిప్పేశాడు. తర్వాత నన్ను సాంకేతిక అభిప్రాయం రాసిమ్మన్నాడు. ఆ గదిలో నాకంటే తెలిసినవాడు లేడు. ఒక పేజీ రాశాను: కేసులో రెండుసార్లు మందు పడింది, పిడి ఏ స్థితిలో వదిలానన్నది పనివాడికి సరిగ్గా గుర్తులేదు, కారణం పనివాడి అజాగ్రత్త. భాష శుభ్రంగా కుదిరింది. ఇన్నేళ్ళ అనుభవం.

గురువారం సాయంత్రం ఫర్వానియాలో, నలుగురం కలిసి ఉండే ఫ్లాటులో, వంటింట్లోకి నీళ్ళకు వెళ్ళాను. అక్కడిది ఒకే పిడి ఉన్న కుళాయి, పైకెత్తితే నీళ్ళు, దించితే బంద్. తాగి, గ్లాసు కడిగి ఇవతలికి వచ్చాను. నాతో ఉండే కాకినాడాయన, మిర్కాబ్‌లో ఏదో ట్రావెల్స్ ఆఫీసులో గుమాస్తా, వెనకనుంచి పిలిచాడు.

"ఏవండీ, బకెట్టు నిండుతుందని పిడి మధ్యలో పెట్టి సన్నగా వదిలేనండి. మళ్ళీ దించేసేరు. రోజూ ఇదే వరసండి మీది."

రోజూ అన్నాడు. నాకు ఒక్కరోజు కూడా గుర్తులేదు.

కుళాయి దగ్గరికి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. మధ్యలో ఆగిన పిడి కనబడితే దించకుండా ఉండలేని చెయ్యి అది. ఇరవై నాలుగేళ్ళు జీతమిచ్చి అలవాటు చేశారు. అప్పుడు ఒక్కొక్కటే వచ్చింది. ఆ రోజు జొహర్ వేళ చీటీల పుస్తకం కోసం ఆ గదిలోకి వెళ్ళాను. బల్ల అంచుదాటి పిడి లేచి ఉంది. పుస్తకం ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి ఏం చేసిందో చూడలేదు, కానీ పిడి చివర ఉండే నల్ల బుడిపె అరచేతిలో చల్లగా తగలడం గుర్తొచ్చింది. కాస్త బిగువుగా ఉండి, టక్కుమని దిగడం కూడా. రెండో మందు పడింది అప్పుడే. మస్తాన్ అల్లా దయ అనుకున్న ఆ ఇరుకును వదిలించింది నేను. పిడి దించమని నేర్పిందీ నేనే. నమాజు నుంచి వచ్చి, పిడి చెప్పినదాన్ని నమ్మి, తన జ్ఞాపకాన్ని అనుమానించాడతను. యంత్రం అబద్ధమాడదు, మనుషులే మరిచిపోతారని కూడా నేనే చెప్పాను.

అప్పటికి గురువారం సాయంత్రం ఆరు. కువైట్‌లో శుక్ర, శనివారాలు ఆఫీసులకు సెలవు.

శుక్రవారం తన గంటలో హసీనా వచ్చింది. జహ్రా నుంచి బస్సులో వచ్చేసరికే సగం గంట అయిపోయింది. లోపలికి రాలేదు, మెట్ల దగ్గరే నిలబడింది. ఆమె మామా, అంటే ఇంటి యజమానురాలు, ఎవరికో ఫోను చేసి కనుక్కుందట.

"రేపు ఆయప్పకు వేలిముద్రలు తీసి పంపించేస్తారంట సార్. ఆ ముద్రలు పడితే మల్ల గల్ఫ్‌లో యాడికీ రానీయరంట. మీరు రాసిచ్చిన కాగితం మీదనే అయిందంట. మీరే ఇంగొకటి రాసిస్తే మారుతాదా?"

నేను చెప్పవలసింది అప్పటికి నా దగ్గర పద్దెనిమిది గంటలుగా ఉంది. చూద్దామన్నాను. ఆఫీసులు ఆదివారం గానీ తెరవరమ్మా అన్నాను.

ఆమె ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగింది.

"పోలీస్ స్టేషన్‌కు కూడా సెలవా సార్?"

సమాధానం కోసం ఆగలేదు, బస్సు టైమయింది. ఆ రోజూ, మర్నాడూ నేను చేసిన పని ఉత్తరానికి చిత్తుప్రతి రాయడం. నాలుగు ప్రతులు రాశాను. మొదటిదానిలో పిడి "దిగి ఉండవచ్చు" అని ఉంది. రెండోదానిలో "దిగినట్లు తోస్తోంది". నా ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఏమవుతుంది, పెన్షన్ కాగితాలకు ఏమైనా అడ్డం వస్తుందా, ఇవన్నీ మధ్యలో ఆలోచించాను. నాలుగోదానిలోకి "నేను దించాను" వచ్చింది. తెలుగులో రెండు మాటలు. రెండు రోజులు పట్టింది.

ఆదివారం ఉదయం మిర్కాబ్ ఆఫీసులో ముదీర్ ముందు ఆ కాగితం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. ఎప్పుడు గుర్తొచ్చిందని అడిగారు. గురువారమన్నాను. ఆయన గోడమీద క్యాలెండరు వైపు చూసి, శనివారం సాయంత్రం విమానంలో మస్తాన్‌ను పంపించేశారని చెప్పారు. శుక్రవారం తన ఇంటికి వచ్చి ఉంటే తానే స్టేషన్‌కు వెళ్ళి ఆపించేవాడినన్నారు. తర్వాత నా కాగితాన్ని పై అధికారులకు పంపారు. దాచిపెట్టడానికి ఆయనకు కారణాలుండేవి. పంపారు.

ఉత్తరం పనిచేసింది. పోలీసు కేసులో మస్తాన్ తప్పు లేదని రాశారు, నాది ఉందని రాశారు. జరిమానా కట్టి, ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చాను. రిటైరయ్యానని చెప్పుకుంటాను, మర్యాదైన మాట. కానీ కేసు వేరు, వేలిముద్ర వేరు. కేసు కొట్టేశారు. వేలిముద్ర వ్యవస్థలో అలాగే ఉండిపోయింది. దాన్ని తీయించడానికి మనిషి కువైట్‌లో ఉండి అర్జీ పెట్టుకోవాలి, ఉండడానికి ఆ వేలిముద్రే అడ్డం. హసీనా ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది. జహ్రాలోనే ఉండిపోయింది.

ఏడాది తర్వాత రాయచోటి వెళ్ళాను. బస్టాండు వెనక మస్తాన్ మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. వర్షాల గురించి, బోర్లు ఎండిపోవడం గురించి మాట్లాడుకున్నాం. హానీ ఎట్లుండాడని అడిగాడు. చెప్పాను. ఒక మోటారు ముందుకు లాక్కుని తీగ చుట్టసాగాడు.

"మీరే చెప్పినారంట గదా సార్, హసీనా చెప్పింది. నేను మధ్యలోనే పెట్టి పోయినానని అప్పుడు నిమ్మళమయింది నాకు. పిచ్చి పట్టిందేమో అనుకుంటాంటి." తీగ చుట్టడం ఆపాడు. "మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"గురువారం."

అతను తలూపాడు. మళ్ళీ తీగ చుట్టడం మొదలుపెట్టాడు. టీ తాగి వచ్చేశాను. బస్సు ఎక్కించడానికి రాలేదు. నేనూ ఎదురుచూడలేదు.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్ళు ఇప్పటికీ నాకు ఫోను చేసి, సింగిల్ స్టేజ్ కొనాలా, ప్రోగ్రెసివ్ కొనాలా అని అడుగుతుంటారు. మీ అలవాట్లు ఏ యంత్రం మీద ఏర్పడ్డాయో ముందు చూసుకోమంటాను. యంత్రం మారిన రోజున పాత యంత్రం నేర్పిన ప్రతి నియమాన్నీ కాగితం మీద రాసి, కొత్తదాని ముందు ఒక్కొక్కటే పరీక్షించాలి. పని మధ్యలో ఆగితే పిడి ఎక్కడుందో చూసి లెక్క కట్టకూడదు. ప్లేటు మీద ఉన్నవన్నీ తీసి, మందు వెనక్కి పోసి, మొదటినుంచి మొదలుపెట్టాలి. రెండు నిమిషాల పని.

ఇంకొకటి కూడా చెబుతాను, వాళ్ళు అడగకపోయినా. తప్పు తెలిశాక చెప్పడానికి పట్టే సమయం కూడా ఆ తప్పులో భాగమే. నాది అరవై గంటలు.